గని తగాదాను దాయాదుల తగాదా చేశారు

'బ్లాక్ పాంథర్' సినిమా వచ్చింది 2018లో. ఇన్నేళ్ల తర్వాత దాని మీద కొత్తగా చెప్పేదేముంది అనుకోవచ్చు. ఉంది. మన పిల్లల డీపీల్లో ఇప్పటికీ రెండు చేతులు ఛాతీ మీద అడ్డంగా వేసుకున్న ఆ వకాండా సలాం కనిపిస్తోంది. కిల్‌మాంగర్ మ్యూజియం సీను రీల్స్‌లో తిరుగుతూనే ఉంది. అంటే ఈ సినిమాను మనం మన సినిమాగా తీసుకున్నాం. తీసుకున్నాం కాబట్టే దాన్ని నిలదీసే హక్కు కూడా మనకుంది.

ముందే చెప్తున్నా, నేను సినిమా చూసి కామిక్స్‌కు వెళ్లినవాణ్ణి కాదు. కామిక్స్ చదివి సినిమాకు వెళ్లినవాణ్ణి. సూటు డిజైన్ మార్చారు, ఫలానా పాత్రను ఎందుకు చంపారు లాంటి పేచీలతో నాకు పని లేదు. సినిమా అన్నాక మారుస్తారు. కొన్ని మార్చాలి కూడా. నా పేచీ ఒక్క మార్పు మీద. ఆ ఒక్కటి మారడంతో కథలో దొంగ ఎవడు, దోపిడీ ఏది అన్నదే తారుమారైపోయింది.

ఒక చిన్న ప్రశ్న అడుగుతా. టిచాలా తండ్రిని చంపింది ఎవరు? సినిమాలు చూసినవాళ్లు ఠక్కున చెప్తారు: 2016లో వచ్చిన 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్'లో వియన్నాలో బాంబు పేలింది, అది జెమో పని. సరే. మరి కిల్‌మాంగర్ తండ్రి ఎన్‌జోబును చంపింది ఎవరు? సొంత అన్న టిచాకా. 1992లో, ఓక్లండ్‌లో ఒక ఇరుకు ఇంట్లో.

ఇప్పుడు కామిక్స్‌లో అదే ప్రశ్న అడగండి. ఇద్దరి ఇళ్లనూ కూల్చింది ఒక్కడే. వాడి పేరు క్లా. వాడు వచ్చింది గని కోసం.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. 1966లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 52, 53 సంచికల్లో స్టాన్ లీ, జాక్ కర్బీ ఈ పాత్రను పుట్టించారు. వకాండా అనే దేశం, ఆ దేశంలో ఒక గుట్ట, ఆ గుట్ట నిండా వైబ్రేనియం అనే లోహం. అక్కడి జనానికి ఆ గుట్ట పవిత్రం. క్లా అనే తెల్ల శాస్త్రవేత్త ఆయుధాలు పట్టిన మనుషులతో దిగాడు. గుట్ట కావాలన్నాడు. రాజు టిచాకా ఇవ్వనన్నాడు. చంపేశాడు. చిన్నపిల్లాడు టిచాలా క్లా ఆయుధాన్నే క్లా మీదికి తిప్పాడు, వాడి చెయ్యి పోయింది. బ్లాక్ పాంథర్ కథకు మొదలు ఇది. గుట్ట అడిగారు, ఇవ్వనన్నందుకు చంపారు. మన ఊళ్లలో ఈ కథ అర్థం కావడానికి ఎవరూ డబ్బింగ్ చెప్పక్కర్లేదు.

ఏడేళ్ల తర్వాత, 1973లో, డాన్ మెక్‌గ్రెగర్ అనే రచయిత 'జంగిల్ యాక్షన్' పత్రికలో 'పాంథర్స్ రేజ్' మొదలుపెట్టాడు. ఆ పత్రిక పేరు చూడండి, జంగిల్ యాక్షన్! అంతకుముందు దాన్లో వచ్చేవి అడవిలో తెల్ల వీరుడు, తెల్ల వీరనారి, చుట్టూ 'అనాగరికులు' ఉండే పాత కథల పునర్ముద్రణలు. అలాంటి చోట నల్లవాళ్ల దేశం గురించి, దాదాపు అందరూ నల్ల పాత్రలే ఉన్న కథ రాశారు. బొమ్మలు గీసినవాళ్లలో బిల్లీ గ్రాహం అనే నల్లజాతి చిత్రకారుడు కూడా ఉన్నాడు. కిల్‌మాంగర్ పుట్టింది ఈ కథలోనే.

ఈ కిల్‌మాంగర్ రాజు బంధువు కాదు. వాడి పేరు ఎన్‌జడాకా. మామూలు వకాండా ఇంటి పిల్లాడు. క్లా దండు వచ్చినప్పుడు వాడి తండ్రిని బలవంతంగా తమ పనికి పెట్టుకున్నారు. తండ్రి పోయాడు. పిల్లాడు దేశం కాని దేశంలో, న్యూయార్క్ హార్లెమ్‌లో తేలాడు. రాజు కొడుకూ తండ్రిని పోగొట్టుకున్నాడు, కూలి కొడుకూ తండ్రిని పోగొట్టుకున్నాడు. ఒకే దోపిడీలో. తేడా ఎక్కడొచ్చింది? రాజు కొడుక్కి సింహాసనం దొరికింది. కూలి కొడుక్కి పరాయి దేశపు రోడ్డు దొరికింది. ఆ తేడాలోంచి పుట్టిన కోపం కిల్‌మాంగర్. పైగా అప్పటికి టిచాలా అమెరికాలో అవెంజర్స్‌తో తిరిగి చాలాకాలానికి ఇంటికొచ్చిన రాజు. 'మా ఊళ్లు తగలబడుతుంటే నువ్వెక్కడున్నావు' అన్నది ఆ కథ నిండా వినపడే ప్రశ్న. సొంత సేనాని వకాబి కూడా మొహం మీదే అడుగుతాడు.

సినిమా ఏం చేసింది? కూలి కొడుకును రాజు తమ్ముడి కొడుకుగా మార్చింది. మన వరసల్లో చెప్పాలంటే టిచాలా, కిల్‌మాంగర్ అన్నదమ్ములు, దాయాదులు. దాయాదుల తగాదా అంటే మనకు తెలుసు కదా. గట్టు ఎవడిది, వాటా ఎంత, పెద్దాయన చేసిన అన్యాయానికి ఎవరు జవాబు చెప్తారు. అందులో ఏడుపుంది, కోపముంది, నాటకం బాగా పండుతుంది. ఒప్పుకుంటా, మైకేల్ బి. జోర్డాన్ కిల్‌మాంగర్‌ను చేసినంత బాగా మార్వెల్ సినిమాల్లో ఏ విలనూ చేయలేదు. కానీ తగాదా ఇంటి లోపలికి వచ్చేసింది. బయటినుంచి వచ్చిన దొంగ కథలోంచి జారుకున్నాడు.

నిజంగానే జారుకున్నాడు. సినిమాలో క్లా ఉన్నాడు. ఆండీ సెర్కిస్ వేశాడు, దక్షిణాఫ్రికా ఆయుధాల వ్యాపారి. నవ్విస్తాడు, పాట పాడతాడు, సగం సినిమాకు చచ్చిపోతాడు. శవాన్ని సంచిలో వేసుకుని వచ్చి కిల్‌మాంగర్ వకాండా గుమ్మంలో పడేస్తాడు. అక్కడితో వైబ్రేనియం కోసం వచ్చిన బయటివాడి లెక్క ముగిసింది. మిగతా గంట అంతా మనవాళ్లు మనవాళ్లు కొట్టుకోవడమే. 'సినిమాలో క్లా వకాబి తల్లిదండ్రుల్ని చంపాడు కదా' అని ఎవరైనా అనొచ్చు. అవును, చంపాడు. కానీ ఆ దొంగతనానికి దారి చూపింది ఎవరు? వకాండా రాకుమారుడు ఎన్‌జోబే. అంటే దోపిడీలో కూడా మొదటి ముద్దాయి మనోడే అయ్యాడు. గని మీద కన్నేసిన బయటివాణ్ణి ఒక జోకర్‌గా కుదించి, పాపం మొత్తం ఇంటివాళ్ల నెత్తిన పెట్టారు.

దీనికి కారణం దర్శకుడు ర్యాన్ కూగ్లరా, రచయితలా, డబ్బు పెట్టిన డిస్నీయా అన్న చర్చ నాకు అనవసరం. తెర మీద ఏముందో దాంతోనే నా పని.

తెర మీద ఇంకొకటి ఉంది. కిల్‌మాంగర్ చేత నిజాలన్నీ మాట్లాడించారు. మ్యూజియంలో ఆ అధికారిణిని అడుగుతాడు కదా, మీ తాతలు ఈ వస్తువుల్ని కొనుక్కొచ్చారా అన్నట్టు. ఆ ముక్కకు మనం ఈల వేస్తాం. ప్రపంచమంతా మనలాంటివాళ్లు చస్తుంటే ఇంత బలం ఉన్న వకాండా ఎందుకు దాక్కుంది అని అడుగుతాడు. దానికి సినిమాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి ఏం చేశారు? వాడి చేతికి మసి పూశారు. వెంట తిరిగిన అమ్మాయిని తానే కాల్చేస్తాడు. మూలికల తోట తగలబెట్టమంటే వెనకాడిన పెద్దావిడను గొంతు పట్టి పైకెత్తుతాడు. ఆ మూలిక వకాండా వాళ్లకు దైవం లాంటిది, తన పూర్వీకుల్ని చూపించిన మూలిక. తండ్రిని కలలో చూసి ఏడ్చినవాడు లేవగానే ఆ తోటను కాల్చమంటాడా? నాకు నమ్మకం కలగలేదు. అది ఆ మనిషి చేసే పని కాదు, మనం వాడి పక్షం వహించకుండా ఉండడానికి కథ వాడిచేత చేయించిన పని. భూమి అడిగినవాడు హంతకుడై ఉండాలి, లేకపోతే హాల్లో జనం వాడి వెనక వెళ్లిపోతారు.

తెలుగులోనూ ఇలాంటిది జరిగింది, మరీ దూరం పోనక్కర్లేదు. 'ఆర్ఆర్ఆర్' చివర్లో భీమ్ ఏం కావాలో కోరుకోమంటే చదువు చెప్పమంటాడు. అప్పుడు రామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' రాసిస్తాడు. మన కొమురం భీమ్ పేరు చెప్తే గుర్తొచ్చే నినాదాన్ని భీమ్‌కే ఇంకొకరు నేర్పారు! అక్కడ మాటను లాక్కున్నారు. ఇక్కడ మాటను ఉంచి మనిషిని పాడు చేశారు. సరే, మళ్లీ వకాండాకు వద్దాం.

ఎవరెట్ రాస్ గుర్తున్నాడా? తెల్ల అమెరికన్. 1998లో నల్లజాతి రచయిత క్రిస్టఫర్ ప్రీస్ట్ 'బ్లాక్ పాంథర్' కామిక్ రాస్తూ ఈ రాస్‌ను కథ చెప్పేవాడిగా పెట్టాడు. అమెరికా విదేశాంగ శాఖలో చిన్న ఉద్యోగి. మొదటి సంచికలోనే ప్యాంటు లేకుండా తుపాకీ పట్టుకుని బిక్కచచ్చి కూర్చుని ఉంటాడు. ఆఫ్రికా రాజు ఎదురైతే ఒక తెల్లాయనకు ఏమీ అర్థం కాకపోవడం, అదీ అక్కడి హాస్యం. సినిమా ఇతన్ని సీఐఏ మనిషిగా చేసింది. కిల్‌మాంగర్ ఎవరో చెప్పేది కూడా అతనే: వాడు మావాడే, దేశాల్లో ప్రభుత్వాల్ని కూలదోయడానికి మేమే తయారు చేశాం అని. మంచిది, నిజం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఏం జరుగుతుంది? అదే సీఐఏ మనిషి వకాండా విమానాన్ని దూరంనుంచి నడుపుతూ, ఆయుధాలు తీసుకుని బయల్దేరిన వకాండా విమానాల్ని వకాండా ఆకాశంలోనే కూల్చేస్తాడు. హాల్లో చప్పట్లు. ఆ విమానాలు ఎవరి కోసం బయల్దేరాయో గుర్తుచేసుకునే తీరిక కూడా ప్రేక్షకుడికి ఇవ్వరు.

ఆఫ్రికాలో ఖనిజం ఉన్న దేశం, అక్కడ సీఐఏ. ఈ రెండూ కలిస్తే నిజ చరిత్రలో ఏమైందో తెలియాలంటే కాంగో చూడండి. హిరోషిమా మీద వేసిన బాంబుకు వాడిన యురేనియంలో పెద్ద భాగం కాంగోలోని షింకోలోబ్వే గనినుంచి వెళ్లిందే. 1960 జూన్ 30న కాంగోకు బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ప్రధాని పాట్రిస్ లుముంబా. ఏడు నెలలు తిరక్కముందే, 1961 జనవరి 17న, గనుల ప్రాంతం కటాంగాలో ఆయన్ని కాల్చి చంపారు. ఆయనకు విషం పెట్టడానికి సీఐఏ పథకం వేసిందని 1975లో అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది. స్టాన్ లీ, కర్బీ వకాండాను గీసేటప్పటికి లుముంబా చనిపోయి ఐదేళ్లు. అలాంటి సంస్థ మనిషిని తెచ్చి వకాండాకు రక్షకుణ్ణి చేశారంటే నాకు మింగుడు పడదు. ఇది ఊహాలోకం, ఇంత పట్టింపు ఎందుకు అనకండి. ఊహాలోకంలో వాళ్లకు నచ్చినవాణ్ణి పెట్టుకునే వీలుంది. పెట్టుకున్నది వీణ్ణి.

అన్నీ తిట్లేనా అంటే, కాదు. కామిక్స్ సిగ్గుపడాల్సిన చోట సినిమా సరిదిద్దింది కూడా. 1969లో వచ్చిన ఎంబాకు పాత్రకు కామిక్ పెట్టిన పేరు 'మనిషి కోతి'. తెల్ల గొరిల్లా తోలు కప్పుకుని తిరుగుతాడు. నల్ల మనిషిని కోతి అనడం వెనక ఎంత విషం ఉందో మీకు చెప్పాల్సిన పని లేదు. సినిమా ఆ పేరును పారేసింది. ఎంబాకును మంచుకొండల్లో ఉండే జబారీ జనానికి పెద్దగా, తనదైన మర్యాద ఉన్న మనిషిగా నిలబెట్టింది. ఎంబాకు సభలో రాస్ నోరు తెరవబోతే అందరూ కలిసి అరుస్తారు, వాడి మాట బయటికి రానీయరు. తర్వాత ఎంబాకు 'ఇంకోసారి మాట్లాడితే నిన్ను మా పిల్లలకు తినిపిస్తా' అని బెదిరించి, రాస్ మొహం తెల్లబోగానే 'మేం శాకాహారులం' అని పగలబడి నవ్వుతాడు. అడవి మనుషులు నరమాంసం తింటారని వందేళ్లుగా తీసిన సినిమాలన్నిటికీ ఆ ఒక్క నవ్వు చెంపదెబ్బ. నేను ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

భాష కూడా. వకాండా వాళ్లు సినిమాలో మాట్లాడేది షోసా, దక్షిణాఫ్రికాలో నిజంగా బతికున్న భాష. టిచాకాగా వేసిన జాన్ కాని సొంత భాష అది. ఆయన 'సివిల్ వార్'లో ఆ భాషలో మాట్లాడాడు, అదే వకాండా భాష అయింది. బట్టలూ అంతే. రూత్ కార్టర్ వాటికి ఆస్కార్ తీసుకుంది. వకాబి మనుషులు కప్పుకునే దుప్పట్లు లెసోతోలో బసోతో జనం కప్పుకునేవి. రాణి రమోండా టోపీ జూలూ స్త్రీలు పెట్టుకునే టోపీని చూసి చేసింది. ఇప్పుడు మన తెలుగు సినిమాల్లో 'కోయదొర'ను తలుచుకోండి. నెత్తిన ఈకలు, ఒంటికి మసి, నోట్లో అర్థం లేని శబ్దాలు. గోండి, కోయ, కువి, సవర ఉన్నాయన్న సంగతి కూడా రాసేవాడికి పట్టదు. ఈ విషయంలో కూగ్లర్ బృందానికి నేను చేతులెత్తి జోహార్ చెప్తా.

కానీ ఇంత గౌరవంగా చూపించిన వకాండాలో పాలన ఎలా నడుస్తోంది? ప్రపంచంలో అందరికంటే ముందున్న దేశం. రాజును ఎన్నుకునే పద్ధతి మాత్రం జలపాతం అంచున ఇద్దరు మగాళ్లు కొట్టుకోవడం. ఎవడు మిగిలితే వాడి మాటే చట్టం. కిల్‌మాంగర్ గెలిచిన మరుక్షణం సైన్యం, ఆయుధాలు, పెద్దల సభ అన్నీ వాడి వెనక. ఒకోయే అంత వీరనారి కూడా 'సింహాసనం మీద ఎవరుంటే వారికే' అని నిలబడిపోతుంది. కామిక్స్‌లోనూ రాజరికం ఉంది, కాదనను. కానీ 2016లో టా-నెహిసి కోట్స్ రాసిన కామిక్‌లో జనం ఆ రాజరికం మీదే తిరగబడతారు. రాజు అంగరక్షకురాళ్లు ఇద్దరు, అయో, అనేకా, రాజును కాదని బయటికొచ్చేస్తారు. చివరికి కథ జనం ప్రతినిధులతో సభ, రాజ్యాంగం దాకా వెళ్తుంది. సినిమాకు ముందే ఇదంతా అచ్చులో ఉంది. కావాలంటే తీసుకోవచ్చు. తీసుకోలేదు.

గుట్ట గురించి గిరిజనులు ఎలా నిర్ణయం తీసుకుంటారో తెలియాలంటే నియమగిరికి పోయి అడగాలి. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక డోంగ్రియా కోంధుల గుట్ట మీద బాక్సైట్ గని సంగతి తేల్చడానికి 12 గ్రామసభలు పెట్టారు. ముసలమ్మలు లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఎవరూ ఎవర్నీ జలపాతంలోంచి తోయలేదు. అంత నాటకం కళ్లముందు ఉంటే, అడవిలో రాజకీయం అంటే కుస్తీ పోటీ అని ఎందుకు గీస్తారు?

ముగింపు చూద్దాం. కిల్‌మాంగర్ చచ్చాక టిచాలా ఓక్లండ్ వెళ్లి, ఆ పాత బిల్డింగు కొని, అక్కడ ఒక సెంటర్ పెడతానంటాడు. నకియా సామాజిక సేవ చూస్తుంది, షూరి సైన్సు నేర్పుతుంది. మీలో ఎంతమందికి ఇది తెలిసిన వ్యవహారంలా అనిపించింది? మనం భూమి పట్టా అడిగితే కుట్టు మిషన్ల శిక్షణ కేంద్రం వస్తుంది. గని వద్దంటే కంప్యూటర్ కోర్సు వస్తుంది. కిల్‌మాంగర్ అడిగింది ట్యూషన్ సెంటర్ కాదు. సినిమా బయటకూడా అదే జరిగింది. 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన డిస్నీ, పిల్లల సైన్సు కేంద్రాల కోసం 10 లక్షల డాలర్లు విరాళం ప్రకటించింది. అందులో ఒకటి ఓక్లండ్‌లో. ఇచ్చినందుకు నాకు కోపం లేదు, పిల్లలు చదువుకోనీ. ఎంతలో ఎంతో మాత్రం లెక్క వేసుకోండి.

ఒక్కసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు. 2022లో 'వకాండా ఫరెవర్' వచ్చింది. చాడ్విక్ బోస్‌మన్ 2020లో చనిపోయాడు, ఆ దుఃఖం సినిమా అంతా ఉంటుంది, అది నిజమైన దుఃఖం, దాని జోలికి నేను పోను. కథ చూడండి. మొదట్లోనే మాలిలో ఫ్రెంచ్ తరఫు మనుషులు వైబ్రేనియం కోసం దాడి చేసి దొరికిపోతారు. అమెరికా ఓడ సముద్రం అడుగున వైబ్రేనియం వెతుకుతుంది. భలే, ఈసారి దొంగలు దొరికారు అనుకున్నా. తర్వాత? వకాండా వాళ్లు, నీళ్లలో దాక్కున్న తలోకాన్ వాళ్లు, ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటారు. తలోకాన్ జనం స్పెయిన్ వాళ్ల నుంచి తప్పించుకున్న మాయా జనం సంతతి. నీటి వరద వదిలింది వకాండా రాజధాని మీద. చచ్చింది వకాండా రాణి. ఫ్రాన్సు మీద, అమెరికా మీద ఒక్క నీటిచుక్క పడలేదు. గని ఉన్న రెండు జాతులు కొట్టుకుంటుంటే, గని కావాల్సినవాళ్లు ఆఫీసుల్లో కూర్చుని చూస్తారు. మంచి సీఐఏ మనిషిగా రాస్ మళ్లీ ఉన్నాడు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సినిమాలు చూడండి, సలాం పెట్టండి, ఎంబాకు నవ్వును నాలాగే వందసార్లు చూడండి. కిల్‌మాంగర్ రీల్ పెట్టేటప్పుడు మాత్రం, వాడి తండ్రి రాకుమారుడు కాదనీ, గని దొంగలు పనికి ఈడ్చుకుపోయిన మామూలు మనిషనీ క్యాప్షన్‌లో ఒక ముక్క రాయండి. వీలైతే 'పాంథర్స్ రేజ్' చదవండి, పుస్తకంగా దొరుకుతుంది. భాష బరువుగా ఉంటుంది, మెక్‌గ్రెగర్ ఒక్కో బొమ్మ మీద పేరా పేరా రాస్తాడు, ఓపిక పట్టండి.

అందులో చివరి పోరు కూడా జలపాతం దగ్గరే. టిచాలా దాదాపు ఓడిపోయి ఉంటాడు, కిల్‌మాంగర్ ఇక విసిరేయబోతున్నాడు. అప్పుడు కాంటు అనే ఊరి పిల్లాడు పరుగెత్తుకొచ్చి కిల్‌మాంగర్‌ను తోసేస్తాడు. ఈ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడు. ఆ కథలో యుద్ధాన్ని ముగించింది రాజు కాదు, అమెరికావాడు అసలే కాదు. సినిమాలో ఆ పిల్లాడి పాత్రే లేదు.